కొత్త షటిల్ బ్యాట్ చేతికి అలవాటు కావట్లేదు, అమ్మేయాలా?

హన్మకొండ పొద్దుటి బ్యాచ్
ఆరేళ్లు ఒకే బ్యాట్‌తో ఆడాను. స్టీలు షాఫ్టు, హెడ్డు కింద జాయింటు బయటికే కనిపించే పాత రకం. పోయిన నెల మా బ్యాచ్‌వాళ్లు ఎగదోస్తే పూర్తి గ్రాఫైట్‌ది కొన్నా: 4యూ (బరువు రకం), హెడ్ హెవీ (తల వైపు బరువెక్కువ), స్టిఫ్ షాఫ్ట్. ఆరు వేలు పెట్టి ఇంట్లో నాలుగని చెప్పా. గట్టింగ్, అదే తీగల బిగింపు, ఎంత వేయమంటారని షాపులో అడిగితే, ఎక్కడో వీడియోలో విన్న 28 పౌండ్లు చెప్పేశా.

మూడు వారాలైంది. ఎత్తుగా టాస్ కొడితే అవతలి బ్యాక్ లైన్ దాకా పోదు, కోర్టు మధ్యలోనే పడుతుంది. ఎదుటివాళ్లకు రోజూ స్మాష్‌ల పండగే. పైగా మోచేయి లాగుతోంది. పాత బ్యాట్ పట్టుకుంటే మళ్లీ మామూలుగానే ఆడుతున్నా. అమ్మేయమంటారా?

కాజీపేట ఎడంచేతి
అన్నా, నీ 28 పౌండ్లు చూస్తేనే నా మోచేయి నొప్పి పుట్టింది. గట్టింగ్ ఎంత బిగిస్తే షటిల్‌ను అది తిరిగి తన్నడం అంత తగ్గుతుంది. బలమంతా మన చేతి నుంచే రావాలి. నట్టనడుమ తగిలితేనే షటిల్ పోతుంది, కాస్త పక్కకు తగిలితే చచ్చిన దెబ్బే. పెద్ద ఆటగాళ్లకు ఆ విసురుంది, వాళ్లకు చెల్లుతుంది. ఆఫీసుకు పోయే ముందు గంట ఆడే మనకు 22, 23 చాలు. నేనూ 27తో మొదలుపెట్టి 23కి దిగినవాణ్ణే.

గోదావరిఖని నైట్ షిఫ్ట్
గట్టింగ్ ఒక్కదాని మీదే నెట్టేయకండి. స్టిఫ్ షాఫ్ట్ వంగదు, మనం వేగంగా ఊపితేనే పనిచేస్తుంది. పాత స్టీలుది వంగి తనే కొంత విసురుతుంది. ఇంకోటి, 4యూ అంటే 80 నుంచి 84 గ్రాములు. నీ పాతది అంతకంటే బరువే ఉంటుంది. ఆ బరువుకు అలవాటైన చెయ్యి తేలిక బ్యాట్‌ను ముందే ఊపేస్తుంది, షటిల్ ఇంకా పైనే ఉంటుంది.

నాకు ఇదే జరిగింది. డ్యూటీ దిగి పడుకుని లేచాక సాయంత్రం అరగంట టాస్, నెట్ దగ్గర పడేసే డ్రాప్ తప్ప ఇంకేం ఆడలేదు. పది రోజులు గేముల జోలికే పోలేదు. పాత బ్యాట్ అటక మీద పెట్టేశా. నువ్వు రెండూ మార్చి మార్చి ఆడుతున్నట్టున్నావు, రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏదీ అలవాటు కాదు.

కరీంనగర్ కాకా
షటిల్ సంగతి ఎవరూ అడగరేం? ప్లాస్టిక్‌దైతే కార్క్ మీది పట్టీ రంగు చూడు. ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. ఈ చలికి పొద్దున్నే ఆకుపచ్చది ఎలా పోతుంది? మేలో అయితే అదే షటిల్ సరిగ్గా సరిపోతుంది, వేడి గాలిలో ఏదైనా దూసుకుపోతుంది కాబట్టి.

కాజీపేట ఎడంచేతి
కాకా, పాత బ్యాట్‌తో మామూలుగానే ఆడుతున్నా అంటున్నాడు కదా. షటిల్ అదేగా!

కరీంనగర్ కాకా
అది చూడలేదు తమ్మీ. అయినా పట్టీ రంగు చూస్తే నష్టమేముంది.

మంచిర్యాల గ్రిప్పు పిచ్చి
మోచేయి గురించి ఒక్క మాట. గ్రిప్పు సన్నగా ఉంటే తెలియకుండానే పిడికిలి బిగిస్తాం. మీద ఒక ఓవర్ గ్రిప్ చుట్టు. వదులుగా పట్టుకుని, షటిల్ తగిలే క్షణంలోనే బిగించు. నొప్పి ఉన్నన్నాళ్లు ఆడకు. నేను మొండికేసి ఆడి, తర్వాత రెండు నెలలు బెంచీ మీద కూర్చుని స్కోర్లు లెక్కపెట్టా.

హన్మకొండ పొద్దుటి బ్యాచ్
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. మొదటి వారం ఆటే మానేశా, నొప్పి తగ్గింది. ఫ్రేమ్ మీద చిన్న అక్షరాల్లో 20 నుంచి 28 పౌండ్లని రాసి ఉంది, అంటే నేను ఆఖరి గీత మీదే వేయించా. ఇప్పుడు 23 వేయించి, ఓవర్ గ్రిప్ చుట్టా. టాస్ పదింటిలో ఏడు వెనక గీత దాకా పోతోంది. స్మాష్ చప్పుడు వింటుంటే డబ్బులు గిట్టినట్టే ఉంది. నెట్ దగ్గర మాత్రం షటిల్ ఇంకా ఎగిరి పైకి లేస్తోంది, దానికి చెయ్యి తగ్గించుకోవాలి. పట్టీ ఆకుపచ్చే కాకా, నీలం డబ్బా తెప్పించాం. పాత బ్యాట్ మా తోడల్లుడికిచ్చేశా. అసలు ధర ఇంట్లో చెప్పింది కూడా ఆయనే.

గోదావరిఖని నైట్ షిఫ్ట్
పాత గట్టింగ్ ఎట్లా తీశారు? ఒక పక్క నుంచి కోసుకుంటూ పోతే రెండో పక్క లాగి ఫ్రేమ్ వంకర పోతుంది.

హన్మకొండ పొద్దుటి బ్యాచ్
షాపులో నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి కత్తిరించారు. ఇంట్లో నేనే కత్తెర పట్టుంటే పక్క నుంచే కోసేవాణ్ణి.