డబ్బా అంటే తప్పెట్లయితది?

అన్నా, "బోగీ అనడమే తప్పు, కోచ్ అనాలి" అని మీరు నిన్న రాసినదానికి జవాబు రాయకుండా ఉండలేకపోయాను. కారణం మా అక్క కొడుకు తెలుగు నోటుబుక్కు. ఏడో తరగతి పిల్లవాడు. మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడ పోయిన ముచ్చట రాస్తూ "మేము చివరి డబ్బాలో ఎక్కినాము" అన్నాడు. "డబ్బా"ను ఎర్రపెన్నుతో కొట్టేసి, పైన "బోగీ" అని దిద్దారు. అది చూసినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

ముందు బోగీ సంగతి. రైల్వే వర్క్‌షాపులో బోగీ అంటే మనం కూర్చునే గది కాదు. పక్క లైన్లో ఆగిన బండి కిందికి ఒకసారి చూడండి. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, లావుపాటి స్ప్రింగులు, అన్నీ ఒక ఇనుప చట్రంలో బిగించి ఉంటాయి. ముందొకటి, వెనకొకటి. ఆ చట్రమే బోగీ. తొలినాళ్ల పొట్టి పెట్టెలకు ఇరుసులు నేరుగా పెట్టెకే ఉండేవి. పెట్టె పొడవు పెరిగేసరికి మలుపుల్లో తిరగడం కష్టమై, కింద విడిగా తిరిగే చట్రాలు అమర్చారు. అట్లాంటి దాన్ని "బోగీ క్యారేజ్" అన్నారు. మన దగ్గర క్యారేజ్ రాలిపోయి బోగీ మిగిలింది.

అంతమాత్రాన తప్పనలేం. రైలు అంటే ఇంగ్లీషులో పట్టా కదా, మనం బండికే ఆ పేరు పెట్టుకున్నాం. కరెంటు అంటే ప్రవాహం, కానీ "కరెంటు పోయింది" అంటే అర్థం కాని ఇల్లు లేదు. మీరు సరైనదన్న కోచ్ కూడా రైలుతో పుట్టిన మాట కాదు. హంగేరీలో కోచ్ అనే ఊరుంది, అక్కడి గుర్రపు బండ్ల నుంచి వచ్చిన పేరది. మాట ఎక్కడ పుట్టిందో చూసి తీర్పు చెబితే ఏదీ నిలవదు.

ఇబ్బందల్లా ప్రమాద వార్తల్లో. ఇంజినీర్ల నివేదికలో "బోగీ విడిపోయింది" అంటే చక్రాల చట్రం ఊడిందని. అదే మాట తెలుగు పేపర్లో పడితే, పెట్టెకు పెట్టే బండి నుంచి తెగిపోయిందని చదువుతాం. అనువాదం చేసేవాళ్లు అక్కడ "చక్రాల చట్రం" అని విడమరిచి రాస్తే బాగుంటుంది.

ఇక డబ్బా. ఉర్దూ నుంచి మన ఇళ్లలోకి వచ్చి ఎన్ని పనులు చేస్తున్నదో చూడండి: టిఫిన్ డబ్బా, పాన్ డబ్బా, రైలు డబ్బా. పెట్టె అంతకంటే పాతది, తమిళంలో పెట్టి, కన్నడలో పెట్టిగె. అగ్గిపెట్టె, ట్రంకుపెట్టె, రైలుపెట్టె. రెండు మాటలూ కళ్లకు కనిపించే ఆకారాన్ని బట్టి పెట్టినవి. నాలుగు గోడలు, పైన మూత. చిన్నప్పుడు గేటు దగ్గర గూడ్సు బండి పోతుంటే మేము లెక్కపెట్టింది డబ్బాలనే. ప్లాట్‌ఫాం మీద మా అమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, "ఆడోళ్ల డబ్బ ఎనక ఒస్తదంట, ఇటు ఉరుకు బిడ్డా" అని చెయ్యి పట్టి గుంజేది. ఆ మాటకు దిద్దుబాటు ఏం చేస్తారు?

రిజర్వేషన్ ఉన్నవాళ్లకైతే ఇప్పుడు ఈ మాటలేవీ అవసరం పడడం లేదు. "ఎస్ ఫోర్ల ఉన్నం", "బి టూ దగ్గరికి రా" అంటే సరిపోతున్నది. అందుకే డబ్బా, పెట్టె ఎక్కువగా జనరల్‌లో ఎక్కేవాళ్ల నోట్లోనే మిగిలాయి. బడిలో కూడా కొట్టేస్తే అక్కడా మిగలవు.

పిల్లవాడి నోటుబుక్కులో ఆ ఎర్రగీత పక్కన పెన్సిలుతో "డబ్బా కూడా సరైనదే" అని రాసిచ్చాను. మా వైపు చివరిదాన్ని గార్డు డబ్బా అంటాం. నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఏమంటారు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు అన్నది అన్నట్టే ఇక్కడ రాయండి.