కిశోర బాలికల క్లాసుల్లో అక్రమ రవాణా గురించి ఏం చెప్పాలి?

అంగన్‌వాడీ సూపర్‌వైజర్, కదిరి:
మా మండలంలో కిశోర బాలికలకూ తల్లులకూ మనుషుల అక్రమ రవాణా మీద క్లాసులు పెడుతున్నాం. మాకిచ్చిన పోస్టర్లో ముసుగు మనిషి చాక్లెట్ చూపించి పిల్లను కారులోకి లాక్కెళ్తుంటాడు. నిజంగా ఇలాగే జరుగుతుందా? ఏ ఇళ్లను ముందు కనిపెట్టుకోవాలి?

సరస్వతి_అనంత:
ఆ పోస్టరు పక్కన పెట్టేయండి మేడమ్. తీసుకెళ్లేది ఎక్కువగా తెలిసిన మనుషులే. దూరపు చుట్టం, ముందే ముంబై వెళ్లొచ్చిన అదే ఊరి ఆడమనిషి, ప్రేమించానన్న కుర్రాడు, కట్నం వద్దంటూ వచ్చిన సంబంధం. అందుకే అమ్మాయి తనంతట తానే బస్సెక్కుతుంది. సీమ కరువు మండలాల ఆడవాళ్లు ముంబై, పుణె, ఢిల్లీ చేరింది ఇంటిపని ఇప్పిస్తామన్న మాట నమ్మే.

పేదరికం ఒక్కటే చూస్తే సగం మండలం లెక్కలోకొస్తుంది. దానికి ఇంకేదైనా తోడైన ఇల్లు చూడండి: మొగుడు వదిలేస్తే పిల్లలతో మిగిలిన ఆమె, అమ్మానాన్నలు వలసపోతే అవ్వ దగ్గరున్న పిల్ల, చిన్న వయసులో పెళ్లయి పుట్టింటికి తిరిగొచ్చిన అమ్మాయి, చక్రవడ్డీ అప్పు. ఆడపిల్లను దేవతకిచ్చి పెళ్లి చేసే జోగిని ఆచారాన్ని 1988లోనే చట్టం నిషేధించింది, కానీ జోగినుల కూతుళ్లకు ముప్పు పోలేదు. నన్నడిగితే అందరికన్నా ప్రమాదంలో ఉన్నది ఇంట్లోనే హింస పడుతున్న పిల్ల. ఎవరు రమ్మన్నా వెళ్తుంది, తప్పిపోయిందని వెతికేవాళ్లూ ఉండరు.

రాజు_కడప:
మాయమాటలు అర్థమయ్యేదాకా ఊరు దాటి పనికి పంపొద్దని తల్లులకు గట్టిగా చెప్పడమే మేలు.

సరస్వతి_అనంత:
వద్దు రాజు గారూ. వద్దంటే చెప్పకుండా వెళ్తారు, బ్రోకర్‌కి కావాల్సిందీ అదే. పంపేముందు అడగమనండి: యజమాని పేరు, పూర్తి చిరునామా ఏమిటి, టికెట్ డబ్బు ఎవరిది, అడ్వాన్స్ ఎవరు తీసుకున్నారు, జీతం ఎవరి ఖాతాలో పడుతుంది. అక్కడ దిగగానే ఫోను, ఆధార్ లాక్కుంటారు. "నిన్ను ఇంతకు కొన్నాం, తీర్చి వెళ్లు" అంటారు. తిండి, గది అద్దె, మందులు అన్నీ ఆ అప్పులోనే కలుపుతారు, అది తీరదు. గల్ఫ్ అయితే విజిట్ వీసా మీద పనికి పంపుతానన్న ఏజెంటును నమ్మొద్దు. రిజిస్టరైన ఏజెంటో కాదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ సైట్లో చూడొచ్చు.

అడ్వకేట్_ఒంగోలు:
అనుమానం వస్తే బ్రోకర్‌ని నిలదీయకండి, అతను వెంటనే అమ్మాయిని చోటు మారుస్తాడు. పిల్లలైతే 1098, ఆడవాళ్లైతే 181, ప్రాణాపాయమైతే 112. మైనర్ కనిపించకపోతే 24 గంటలు ఆగమని పోలీసులంటే ఒప్పుకోకండి. ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా కట్టేది) అడగండి. "ఇష్టపడే వెళ్లింది" అన్నా కేసు ఆగదు: అక్రమ రవాణాకు శిక్ష చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143లో బాధితురాలి అంగీకారానికి విలువ లేదు.

ఎక్కువ దెబ్బతినేది విడిపించిన తర్వాత. "అన్నయ్య"నంటూ ఆధార్‌తో వచ్చేవాడు ఆ బ్రోకర్ మనిషే కావొచ్చు. అందుకే 18 నిండని పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి, ఇంటి పరిస్థితి విచారించాకే అప్పగించాలి. అమ్మాయికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, కుటుంబ ఆదాయం ఎంతున్నా సరే. ఆ దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టించండి. పాత అప్పు అలాగే ఉంటే అదే బ్రోకర్ మళ్లీ గుమ్మంలోకొస్తాడు కాబట్టి, బాధితులకు ప్రభుత్వమిచ్చే పరిహారం కోసం అర్జీ కూడా దాంతోపాటే ఇప్పించండి.