ఇంట్లో సారా కాచుకోవడం అమెరికాలో నేరమెందుకు?

ప్రశ్న: ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల బీరు పన్ను లేకుండా తయారుచేసుకోవడానికి 1978 నాటి ఫెడరల్ చట్టం అనుమతిస్తుండగా, సొంతానికి ఒక్క సీసా సారా కాచుకున్నా 5 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చనడం న్యాయమేనా?

జవాబు 1: దీని మూలం ఆరోగ్యం కాదండీ, ఖజానా. నివాసగృహంలో బట్టీ పెట్టరాదన్న నిషేధం 1868లో, అంతర్యుద్ధం ముగిసిన కొద్దికాలానికే, పన్ను ఎగవేతను అరికట్టడానికి వచ్చింది.

జవాబు 2: ఆల్కహాలు ఆవిరి పొయ్యి మంటకు తగిలితే ఇల్లే అంటుకుంటుంది. ఆ ముప్పు పక్కవాటాలోని వారిదీ కనుక దీన్ని కేవలం సొంత స్వేచ్ఛగా చూడలేము.

జవాబు 3: న్యూజిలాండ్ 1996లోనే సొంత వాడకానికి అనుమతించింది కదా! టెక్సాస్‌లోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి కూడా 2024 జూలైలో, ఈ నిషేధం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు రాజ్యాంగమిచ్చిన అధికారాన్ని మించినదని తీర్పునిచ్చారు. అయితే ఆ ఊరటను వాది పక్షానికే పరిమితం చేశారు.