డయలర్ (తనంతట తానే ఫోన్లు చేసే ప్రోగ్రాం) వేసే ముందు కామ్ పోర్టు (కంప్యూటర్‌లో సీరియల్ వైరు తగిలే దారి), మోడెమ్ (కంప్యూటర్‌ని ఫోన్ లైనుకి కలిపే పెట్టె) ఎట్లా చెక్ చేయాలి?

రేణిగుంట_ఫీజుబుక్:
ట్యూషన్ సెంటర్‌కి ఫీజు గుర్తుచేసే డయలర్ పెట్టాల. పాత 56కే బయటి మోడెమ్, యూఎస్‌బీ-సీరియల్ వైరు ఉన్నాయి. "మోడెమ్ దొరకలేదు" అంటోంది. ముందు ఏది చూడాల?

గాంధీరోడ్డు_రిపేర్:
డయలర్‌ని పూర్తిగా మూసేయన్నా. అది పోర్టు పట్టుకుని ఉంటే ఇంకే ప్రోగ్రామూ దాన్ని తెరవలేదు. విండోస్ డివైస్ మేనేజర్‌లో పోర్టు నంబర్ చూడు. కామ్ 12 లాంటిదైతే కామ్ 3కి మార్చు, పాత డయలర్లు చాలావాటికి పెద్ద నంబర్లు కనబడవు.
తర్వాత యూఎస్‌బీ వైరు టెస్టు: మోడెమ్ పీకేసి, ఆ వైరు చివర 9 పిన్నుల్లో 2నీ 3నీ సన్న తీగతో కలుపు. పుట్టీలో (పోర్టుకి నేరుగా టైపు చేసే ప్రోగ్రాం) సీరియల్, స్పీడు 9600, ఫ్లో కంట్రోల్ వద్దని పెట్టి ఏదైనా కొట్టు. కొట్టిందే తెరమీద పడాల. తీగ తీస్తే పడకూడదు. తీసినా పడుతోందంటే లోకల్ ఎకో (కొట్టింది పుట్టీ తనే చూపించడం) ఆన్‌లో ఉంది, ఆ టెస్టు లెక్కలోకి రాదు.

చిత్తూరు_కాటా:
అది పాసైనా మోడెమ్ పలకకపోవచ్చు. యూఎస్‌బీ వైరుకీ మోడెమ్‌కీ మధ్య పెట్టే సీరియల్ వైరు కూడా చూడాల. లారీ కాటాలకు వాడే క్రాస్ వైరు (లోపల 2, 3 తారుమారైనది) చూడ్డానికి అచ్చం ఇట్లాగే ఉంటుంది. మోడెమ్‌కి నేరు వైరే కావాల. మీటర్ బజర్‌లో పెట్టి చూడండి: రెండు వైపులా 9 పిన్నులైతే 2కి 2, 3కి 3. మోడెమ్ వైపు 25 పిన్నులుంటే మాత్రం 9లోని 2 అక్కడ 3కి, 3 అక్కడ 2కి, 5 అక్కడ 7కి పోతాయి. అది క్రాస్ అనుకుని పారేయొద్దు, నేరు వైరే.

గాంధీరోడ్డు_రిపేర్:
కరెక్ట్. మోడెమ్ తగిలించి పుట్టీలో 'ఏటీ' (ఇంగ్లీషు అక్షరాల్లో AT, మిగతావీ అట్లాగే) కొట్టి ఎంటర్. 'ఓకే' రావాల. కొట్టింది కనబడకుండా ఓకే ఒక్కటే వస్తే 'ఏటీఈ1'. పిచ్చి గీతలొస్తే స్పీడు మార్చు.
ఫోన్ లైను టెస్టుకి: 'ఏటీడీటీ', 0, నీ మొబైల్ 10 అంకెలు, చివర సెమికోలన్. మొబైల్ మోగితే 'ఏటీహెచ్' కొట్టి పెట్టేయ్. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి ఆ 0 2021 జనవరి 15 నుంచి తప్పనిసరి. పాత నంబర్ల పట్టికల్లో అది ఉండదు, చూసుకో.

పీలేరు_లైన్:
'నో డయల్‌టోన్' వస్తే ఫోన్ లైను వైరు మోడెమ్‌లో 'ఫోన్' సాకెట్‌లో దూరిందేమో చూడండి, 'లైన్' అని రాసినదాంట్లో ఉండాల. సరిగానే ఉంటే అదే వైరుకి మామూలు ఫోన్ పెట్టి వినండి. ఫోన్లో టోన్ ఉండి మోడెమ్‌కి అందకపోతే 'ఏటీఎక్స్3' ఇచ్చి డయల్ చేయండి, టోన్ కోసం ఆగదు. ఫైబర్ బాక్సు నుంచి వచ్చే టోన్‌ని కొన్ని మోడెమ్‌లు గుర్తుపట్టవు. అట్లా కూడా మొబైల్ మోగకపోతే మోడెమ్‌లో లైను వైపు భాగం పోయినట్టు, ఎక్కువగా పిడుగు దెబ్బే.

చిత్తూరు_కాటా:
ఇన్ని చూశాం గానీ అసలుది అడగలేదు. ఫీజు సంగతి గొంతుతో చెప్పించాలి కదా? మోడెమ్ ఏమేం చేయగలదో చెప్పే 'ఏటీ+ఎఫ్‌క్లాస్=?' (AT+FCLASS=?) కొట్టండి. జవాబులో 8 ఉందా?

రేణిగుంట_ఫీజుబుక్:
ఏటీకి ఓకే వచ్చింది, మొబైల్ మోగింది. ఎఫ్‌క్లాస్‌కి "0, 1" అని వచ్చింది.

చిత్తూరు_కాటా:
0 డేటా, 1 ఫ్యాక్స్. 8 ఉంటేనే వాయిస్. ఈ మోడెమ్ నంబర్ తిప్పుతుంది గానీ మాట్లాడదు. సెట్టింగులు ఎన్ని మార్చినా అంతే, వాయిస్ మోడెమ్ చూసుకోండి.