బెంగళూరులో ఒక్కదాన్నే ఉంటా, ఖర్చులు రాస్తున్నా కూడా నెలాఖరుకి లెక్క కుదరట్లేదు

మదనపల్లె_పిల్ల:
అందరికీ నమస్తే. మడివాళలో చిన్న వన్ ఆర్‌కే తీసుకుని ఉంటున్నా, చేతికి 26 వేలు వస్తది. బాడుగ నీళ్ళతో కలిపి 9 వేలు, ఇంటికి 5 వేలు పంపిస్తా, మిగతాదాంట్లోనే తిండి, బస్సు, ఫోను, గ్యాసు అన్నీ. ఫోన్లో ఎక్సెల్ పెట్టుకుని రోజూ రాస్తున్నా, కొన్ని నెలలు బానే మిగులుతది, ఇంకో నెల 20వ తారీఖుకే ఖాళీ, ఎందుకో అర్థం కాదు. ఏదైనా రాయడం మరిచిపోయి స్టేట్‌మెంట్ తీస్తే అందులో ఎవరో ఒకాయన పేరు, 40 రూపాయలు అని ఉంటది, ఆయన కూరగాయల బండాయనా టీ కొట్టాయనా ఎట్లా తెలిసేది? ఒంటరిగా ఉండేవాళ్ళు మీరెట్లా చూసుకుంటున్నారో కొంచెం చెప్పండి, ప్లీజ్.

రోజూ_బస్సు:
యూపీఐ కొట్టేటప్పుడే కింద నోట్ అని ఉంటది కదా, అక్కడ "కూర" "టీ" అని ఒక్క ముక్క కొట్టండి, తర్వాత యాప్ హిస్టరీలో వెతుక్కోవచ్చు. ఇంకోటి, యూపీఐ లైట్ (చిన్న చెల్లింపులకి యాప్‌లోనే కొంత డబ్బు వేసి పెట్టుకునేది) వాడుతుంటే బ్యాంకు పాస్‌బుక్‌లో లైట్‌లోకి వేసుకున్న మొత్తం ఒక్కటే పడతది, దాంతో కొన్న చిల్లర సామాన్లేవీ అందులో కనపడవు, అవి యాప్‌లోనే చూసుకోవాలి. మీ లెక్కలో తేడా అక్కడ కూడా రావచ్చు.

నంద్యాల_అన్న:
చెల్లెమ్మా, రోజూ రాస్తున్నావంటే నీ దగ్గర క్రమశిక్షణ ఉంది, లోపం రాయడంలో లేదు. ప్రతి నెలా రాని ఖర్చుల్ని నెల డబ్బుల్లోంచి కడుతున్నావు, తేడా అక్కడ వస్తోంది. ఆ 20వ తారీఖుకే ఖాళీ అయిన నెలలు ఏవో ఒకసారి తిరగేసి చూడు, సంక్రాంతికి ఊరికెళ్ళిన నెలో, బండి ఇన్సూరెన్స్ కట్టిన నెలో, ఎవరిదో పెళ్ళికి చదివింపులు పెట్టిన నెలో అయ్యుంటది. ఇవేవీ అనుకోకుండా వచ్చేవి కావు, సంక్రాంతి జనవరిలో వస్తదని అందరికీ తెలుసు, కాకపోతే మనం డిసెంబర్ జీతంలోంచో జనవరి జీతంలోంచో తీస్తాం కాబట్టి నడుం విరుగుతది. ఒక కాగితం మీద ఏడాది మొత్తానికి ఇట్లాంటివి రాయి. పండగలకి ఛార్జీలు, బట్టలు 12 వేలు, బండికి 4 వేలు, పన్నో కన్నో డాక్టరుకి 3 వేలు, పెళ్ళిళ్ళకి 5 వేలు అనుకో, 24 వేలు, అంటే నెలకి 2 వేలు. జీతం పడిన రోజే ఆ 2 వేలు పక్కన పడెయ్. ఫోన్ రీచార్జ్ కూడా చూసుకో, 28 రోజుల ప్లాన్ అయితే ఏడాదికి 12 కాదు 13 సార్లు వేయించాలి.

ఇక రోజువారీది. రాసే పనే లేకుండా చేసుకో. రెండో ఖాతా ఒకటి తెరిచి యూపీఐకి అదొక్కటే లింక్ పెట్టు, ప్రతి సోమవారం అందులోకి 1,500 వేయి, వారం అంతా కూరలు, పాలు, టిఫిన్లు, ఆటో అన్నీ అందులోంచే. గురువారానికి ఎంత మిగిలిందో చూస్తే చాలు, ఎట్లా ఖర్చు పెడుతున్నావో అదే చెప్తది, టీ కొట్టాయన పేరు వెతకనక్కర్లేదు. మినిమమ్ బ్యాలెన్స్ బెడద లేని బ్యాంకు చూసుకో, ఎస్‌బీఐ 2020లో ఆ జరిమానా తీసేసింది, కెనరా 2025 జూన్‌లో. ఆ వారం డబ్బులు నెలకి 6,500 దాకా అవుతాయి, నీ బాడుగ, ఇంటికి పంపేది, పక్కన పెట్టే 2 వేలు కలిపితే 22,500, కరెంటు, గ్యాసు, ఫోను, బస్సుకి 2 వేలు తీసినా 1,500 మిగలాలి. అది ఆర్‌డీలో (నెలనెలా బ్యాంకులో కట్టే పొదుపు) వేసుకో. ఇంటికి పంపే 5 వేలు మాత్రం ఎంత ఇబ్బందైనా తగ్గించొద్దు అని నేను అనను, ఇంట్లో వాళ్ళతో ఒకసారి మనసు విప్పి మాట్లాడు, అమ్మానాన్నలకి కూడా నీ లెక్క తెలియాలి.

ఊరికి రైలు అయితే 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తారు, సంక్రాంతికి నవంబర్ మొదటి వారం నుంచే చూస్తూ ఉండు, ఆఖర్లో ప్రైవేటు బస్సు ఎక్కితే ఛార్జీ తడిసి మోపెడవుతది.

హెచ్‌ఎస్‌ఆర్_అక్క:
అన్న చెప్పింది కరెక్ట్. బస్సు గురించి నేను చెప్తా, మీ ఆధార్‌లో కర్ణాటక అడ్రస్ ఉంటే శక్తి పథకం కింద ఆర్డినరీ సిటీ బస్సు ఆడవాళ్ళకి ఫ్రీ, ఆంధ్రా అడ్రస్ ఉంటే టికెట్ కొనాల్సిందే, రోజూ తిరిగేట్టయితే 1,200 నెల పాస్ తీసుకోండి. కరెంటు కూడా, మీ గదికి విడిగా మీటర్ ఉంటే గృహజ్యోతి అనే ఫ్రీ కరెంటు పథకానికి బాడుగకి ఉండేవాళ్ళు కూడా అప్లై చేసుకోవచ్చు, సేవాసింధు అనే కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్, కరెంటు అకౌంట్ ఐడీ అడుగుతారు.

మదనపల్లె_పిల్ల:
అన్నా, ఇప్పుడే పాత నెలలు తిరగేశా, ఖాళీ అయిన నెలలన్నీ ఊరికెళ్ళినవే. రెండో ఖాతా ఈ వారమే తెరుస్తా. అక్కా, ఆ అకౌంట్ ఐడీ ఎక్కడుంటది? మా మీటర్ విడిగానే ఉంది, బిల్లు మాత్రం ఓనర్ ఆంటీ వాళ్ళు తీసుకుంటారు.

హెచ్‌ఎస్‌ఆర్_అక్క:
కరెంటు బిల్లు మీదే ఉంటది, ఆంటీని అడిగి ఒక ఫోటో తీసుకోండి. ముందు ఉన్నవాళ్ళ ఆధార్ ఆ మీటర్‌కి లింక్ అయ్యుంటే దాన్ని తీయించాలి, అది కూడా ఆంటీనే అడగండి.