గొంతు నాదే, పలుకే నాది కాదు! ఎవరైనా చూడండి

సగంలో_ఆగా: పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నా, తల వాచిపోయింది. నా పాఠాల వీడియోల కోసం ఏఐతో నా డిజిటల్ కాపీ (నా గొంతు, నా ముఖం) ఒకటి చేసుకుందామని మొదలుపెట్టా. గొంతు వచ్చింది గానీ దానికి తెలుగు పలకడం రావట్లేదు. ‘అక్కడ’ అని రాస్తే ‘అక్కడ్’ అంటోంది. ‘కొడుకు’ కాస్తా ‘కోడుకు’ అయ్యాడు. ‘వాళ్ళు’ బదులు ‘వాల్లు’. పైగా బకెట్లో తలపెట్టి మాట్లాడినట్టుంది. సెట్టింగులన్నీ మార్చి చూశా. ఎక్కడ తేడా కొడుతోంది?

మీట: ఏ ఏఐ మోడల్? గొంతు శాంపిల్ ఏది? భాష ఏం పెట్టారు?

నిప్పురవ్వ: అవన్నీ తర్వాత. ముందు ఆ గొంతు ఎవరిది, అనుమతి ఉందా? 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేశారు. డిజిటల్ కాపీల సంగతి అందులో పెద్ద గొడవ. చివరికి అనుమతి, డబ్బు రెండూ ఒప్పందంలో రాయించుకున్నారు. మనవాళ్ళకి మాత్రం ఒక క్లిప్ దొరికితే చాలు, ఎవరి నోట ఏం పలికిద్దామా అనే ఆత్రం.

సగంలో_ఆగా: అయ్యా, నా గొంతే. నా అనుమతి నేనే ఇచ్చుకున్నా.
@మీట, ఎక్స్‌టీటీఎస్ వీ2, రాసింది మన గొంతుతో చదివే మోడల్. తెలుగు లేదు కాబట్టి హిందీ పెట్టి, వాక్యాలు దేవనాగరిలోకి మార్చి ఇచ్చా. శాంపిల్ పాత ఫోన్ కాల్ రికార్డింగ్. ఇవి అందరూ చేసేవే కదా?

మీట: ఎవరూ చేయరు.

రాత్రి_షిఫ్ట్: పాపం, అది హిందీ చదివినట్టే చదువుతోంది. హిందీలో మాట చివరి ‘అ’ మింగేస్తారు, అందుకే ‘అక్కడ్’. మనకున్నట్టు ఎ–ఏ, ఒ–ఓ తేడా అక్కడ లేదు, ‘ళ’ కూడా వాడరు. ఆ మోడల్‌కి వచ్చిన 17 భాషల్లో తెలుగు లేదు, ఎన్ని సెట్టింగులు మార్చినా రాదు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్ళ ఇండిక్‌ఎఫ్5 మోడల్ చూడండి, అందులో తెలుగు ఉంది. దానికి ఆడియోతో పాటు అందులో మీరన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా టైప్ చేసి ఇవ్వాలి.

ఇక ఆ బకెట్ గొంతు. పాత రకం ఫోన్ కాల్‌లో 4 కిలోహెర్ట్జ్ పైనున్న సన్నని ధ్వని అసలు మిగలదు. ‘స’ పదును చాలావరకు ఉండేది అక్కడే. లేనిదాన్ని మోడల్ ఎక్కడి నుంచి తెస్తుంది? అవతలి మనిషి ‘ఆ… ఊ…’ కూడా రికార్డింగ్‌లో ఉండే ఉంటుంది, అదీ మీ గొంతులో కలిసిపోతుంది. ఫ్యాన్ ఆపి, మంచి మైకులో ఓ పది సెకన్లు కొత్తగా చదవండి. విసుగ్గా చదివితే కాపీ కూడా విసుగ్గానే మాట్లాడుతుంది, చూసుకోండి.

లెక్కలమాస్టారు: మీ గొంతుతో మోడల్‌ని ట్రైన్ చేస్తేనే క్లోన్. ఇది ఉత్త జీరో-షాట్, అంటే ట్రైనింగ్ లేకుండా శాంపిల్ విని అనుకరించడం. తేడా తెలియకుండా మాట్లాడకండి.

రాత్రి_షిఫ్ట్: 2023లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ గొంతు మోడల్ వాల్-ఈ 3 సెకన్ల శాంపిల్‌తో గొంతు దింపింది. అక్కడా ఆ మనిషి గొంతు మీద విడిగా ట్రైనింగ్ లేదు. దాన్నీ క్లోనింగ్ అనే అన్నారు.

లెక్కలమాస్టారు: అందరూ అన్నంత మాత్రాన?

నిప్పురవ్వ: రెండూ డీప్‌ఫేకే. అనుమతి గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

సగంలో_ఆగా: అది పక్కన పెట్టండి. వీడియోలో పెదాల్ని మాటలకి కలిపే మోడల్ వావ్2లిప్ వాడితే మూతి చుట్టూ మసగ్గా వస్తోంది. అదెందుకు?

మీట: అది ముఖాన్ని 96×96 పిక్సెళ్ళకి కుదించి పెదాలు గీసి, మళ్ళీ సాగదీసి అతికిస్తుంది. హెచ్‌డీ వీడియోలో అతుకు కనబడుతుంది. దూరం నుంచి తీయండి.

లెక్కలమాస్టారు: 96 అనేది ఆ మోడల్ సంగతి. అన్నిటికీ అదే అనుకునేరు.

మీట: అడిగింది ఆ మోడల్ గురించే.

సగంలో_ఆగా: ‘అక్కడ’ సరిగ్గా పలికింది. థాంక్స్. మూతి రేపు చూస్తా.

కొత్తగా_వచ్చా: నాకూ ఇదే సమస్య, కాకపోతే ఫోన్‌లో. ఎలా చేశారో కాస్త వివరంగా చెప్తారా?