స్వీడిష్‌లో నేరుగా ఆలోచించడం ఎలా? మధ్యలో ఇంగ్లీష్ అడ్డొస్తోంది

ప్రశ్న (గోథెన్‌బర్గ్ నుంచి)

అందరికీ నమస్తే. మేము గోథెన్‌బర్గ్ వచ్చి రెండేళ్ళు దాటింది. వలస వచ్చినవాళ్ళకి స్వీడిష్ నేర్పే ఎస్ఎఫ్ఐలో సి కోర్సు అయిపోయింది, డి నడుస్తోంది. చదివితే అర్థమవుతుంది, హోంవర్కులో తప్పులు కూడా తక్కువే. నోరు విప్పాలంటేనే కష్టం. మొన్న ఆఫీసులో ఫీకాకి, అంటే కాఫీ విరామానికి, కూర్చున్నప్పుడు అందరూ సెలవుల గురించి చెప్పుకుంటున్నారు. మేము విశాఖ వెళ్తున్నామని, రెండేళ్ళ తర్వాత అమ్మానాన్నల్ని చూడబోతున్నానని చెబుదామనుకున్నా. మనసులో తెలుగులో అనుకుని, దాన్ని ఇంగ్లీషులో పెట్టుకుని, ఆ తర్వాత స్వీడిష్ మాటలు వెతుక్కుని, క్రియ ఎక్కడ రావాలో సరిచూసుకునేసరికి వాళ్ళు అడవిలో పుట్టగొడుగులు ఏరడం మీదకు వెళ్ళిపోయారు. నా వాక్యం నా దగ్గరే ఉండిపోయింది. ఆ రోజంతా బాధగా ఉంది, ఎందుకంటే అది నాకు నిజంగా చెప్పాలనిపించిన విషయం.

మా టీచర్ "స్వీడిష్‌లోనే ఆలోచించు" అంటారు. ఎలాగో మాత్రం చెప్పరు. ఇక్కడ చాలాకాలంగా ఉన్నవాళ్ళు, మీకు ఇది ఎప్పుడు, ఎలా వచ్చిందో కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.


జవాబు (ఉప్సలా, తొమ్మిదేళ్ళుగా)

మీ ప్రశ్నలోనే ఒక విషయం ఉందండీ. తెలుగు నుంచి ఇంగ్లీషుకి, అక్కడి నుంచి స్వీడిష్‌కి అన్నారు. ఆ మధ్య మెట్టు తీసేస్తే సగం భారం తగ్గిపోతుంది. మనకి స్వీడిష్ పాఠాలన్నీ ఇంగ్లీష్ అర్థాలతో వచ్చాయి కాబట్టి అదే దారి అనుకుంటాం, కానీ చాలా చోట్ల స్వీడిష్ మన తెలుగుకే దగ్గర.

"ఒర్కా" అనే క్రియ తీసుకోండి. దానికి ఇంగ్లీషులో ఒక్క మాట దొరకదు, నిఘంటువులో పెద్ద వివరణ రాసి ఉంటుంది. మనకైతే "ఓపిక". "యా ఒర్కర్ ఇంతె" అంటే "నాకు ఓపిక లేదు", అంతే. ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూలబడి మనం అనే మాటే అది. అలాగే "స్లిప్పా" అంటే చేయాల్సిన పని తప్పడం, "ఇవాళ వంట చేసే పని తప్పింది" అంటామే, ఆ తప్పడం. "హిన్నా" అంటే టైం సరిపోవడం. నేను మొదటి ఏడాదంతా ఈ మూడింటినీ వాడకుండా తప్పించుకున్నాను, ఇంగ్లీషులో ఆలోచిస్తే అవసరమే రాలేదు కాబట్టి. ఇక్కడివాళ్ళు మాత్రం రోజూ పదిసార్లు అంటారు.

"సిన్", "హన్స్" తేడా కూడా అంతే. క్లాసులో సిరియా నుంచి, పోలండ్ నుంచి వచ్చినవాళ్ళతో పాటు కూర్చుని దీన్ని రెండు వారాలు చదివాను. అతను తన సంచి తీసుకున్నాడు, అతను అతని సంచి తీసుకున్నాడు. మొదటిది "సిన్", రెండోది "హన్స్", అంటే ఇంకెవరిదో సంచి. మన "తన" ఉండగా ఇంగ్లీష్ మీదుగా వెళ్ళి తికమక పడ్డాను. చుట్టరికాలు చూడండి, అమ్మమ్మ "ముర్‌ముర్", నాన్నమ్మ "ఫర్‌ముర్", మేనమామ "ముర్‌బ్రుర్", మేనత్త "ఫస్తెర్". మొన్నకీ ఎల్లుండికీ కూడా వాళ్ళకి విడివిడి మాటలున్నాయి. ఇవన్నీ నేరుగా తెలుగు మాట పక్కన పెట్టుకుంటే మధ్యలో ఆగాల్సిన పనిలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, టైం చెప్పే పద్ధతి. "హల్వ్ ఒత్తా" అంటే ఏడున్నర, ఎనిమిదిన్నర కాదు. ఎనిమిదో గంటలో సగం అయిందని వాళ్ళ లెక్క. నేను పళ్ళ డాక్టర్ దగ్గరికి గంట ఆలస్యంగా వెళ్ళి, డబ్బు కట్టి, చూపించుకోకుండానే వెనక్కి వచ్చాను.


జవాబు (లుండ్)

పైన చెప్పినవి బాగున్నాయి, నాకూ "ఒర్కా" చాలా ఇష్టం. కానీ నాకు ఆలోచన మారింది పిల్లల దగ్గర. ఇక్కడి ప్రీస్కూల్లో ఏడాదిన్నర విక్కీగా, అంటే సెలవు పెట్టినవాళ్ళ బదులు, పనిచేశాను. పెద్దవాళ్ళతో మాట్లాడితే మనం తడబడగానే మర్యాదగా ఇంగ్లీషులోకి మారిపోతారు, మూడేళ్ళ పిల్లలకి ఆ సౌకర్యం లేదు. బూటు లేసు ఊడిన పిల్లాడు కాలు చాపి నిలబడితే మనం వాక్యం కూర్చుకునే తీరిక ఉండదు, వచ్చిన మాట వచ్చినట్టు బయటకు వస్తుంది.

అక్కడ నాకు బాగా అర్థమైనది "పెట్టు" గురించి. మనం గ్లాసైనా పుస్తకమైనా "అక్కడ పెట్టు" అంటాం. వాళ్ళు గ్లాసు నిలబడేలా పెడితే "స్తెల్లా", పుస్తకం పడుకునేలా పెడితే "లెగ్గా" అంటారు. మొదట్లో నియమం గుర్తుచేసుకునేదాన్ని. తర్వాత భోజనాల దగ్గర రోజూ ఇరవై గ్లాసులు, ఇరవై స్పూన్లు సర్దుతూ, ప్రతిదాన్నీ బల్ల మీద ఉంచుతూ పైకి అనేదాన్ని. గ్లాసు అడుగు బల్లకి తగిలే చప్పుడుతో పాటు "స్తెల్లా", స్పూను పక్కకి ఒరిగితే "లెగ్గా". కొన్ని వారాలకి ఇంట్లో గిన్నెలు తోముతుంటే ఎవరూ లేకపోయినా ఆ మాటే వచ్చింది, తెలుగు రాలేదు. అందుకే చెబుతున్నా, ఖాళీగా కూర్చుని ఆలోచించడానికి ప్రయత్నించకండి, చేతిలో పని పెట్టుకోండి. కూరగాయలు తరుగుతూ తరుగుతున్నానని అనండి, తలుపు వేస్తూ వేస్తున్నానని అనండి.

ఇంకోటి, చెవి. "గ్లాస్" అంటే గ్లాసు, "గ్లస్స్" అంటే ఐస్‌క్రీమ్. "తాక్" అంటే ఇంటి పైకప్పు, "తక్క్" అంటే థ్యాంక్స్. దీర్ఘం, ద్విత్వం మనకి చిన్నప్పుడే పలక మీద నేర్పారు కాబట్టి ఈ విషయంలో మనం చాలామందికంటే ముందున్నాం, కొంచెం ధైర్యంగా పలకండి.


జవాబు (స్టాక్‌హోమ్, షిస్తా)

నేను కాస్త వేరేగా చెబుతాను, ఉప్సలా అన్నగారు ఏమీ అనుకోవద్దు. తెలుగు పక్కన పెట్టి చూసుకోవడం అర్థం తెలియడానికి బాగుంటుంది, కానీ అదీ అనువాదమే. వాక్యం వరస దగ్గర అది సాయం చేయదు. "ఇప్పుడు నేను ఇంటికి వెళ్తున్నా" అని మనం అంటే వాళ్ళు "నూ గోర్ యా హెమ్" అంటారు, ఇప్పుడు-వెళ్తున్నా-నేను-ఇంటికి. ముందు ఏ మాట వచ్చినా క్రియ రెండో చోటే ఉండాలి. తెలుగులో క్రియ చివరికి, ఇంగ్లీషులో "నేను" తర్వాత. రెండూ పనికిరావు. నాలుగేళ్ళు నేను "నూ యా గోర్" అన్నాను, నియమం నిద్రలో అడిగినా చెప్పేవాడిని.

అది పోయింది వినడం వల్లే. స్వీడిష్ రేడియోలో తేలిక స్వీడిష్ వార్తలు వస్తాయి, ఐదు నిమిషాలుంటాయి. మెట్రోలో వెళ్తూ ఒకే భాగాన్ని మూడుసార్లు వినేవాడిని, మూడోసారి పెదవులు కదుపుతూ వెంట అనేవాడిని. అలా "నూ గోర్ యా" మొత్తం ఒకే మాటలాగా నోటికి పట్టేసింది. విడగొట్టి చూడకండి, గుత్తిగా పట్టుకోండి. లైబ్రరీలో స్ప్రోక్ కఫేలు, అంటే కూర్చుని స్వీడిష్ మాట్లాడుకునే సమావేశాలు, ఉంటాయి, ఉచితం, వెళ్ళండి. ఆఫీసులో మీతో బాగుండే ఒక్క మనిషికి చెప్పండి, నాతో ఇంగ్లీషులోకి మారొద్దు, నేను ఆగినా ఆగండి అని. నాకు అలా ఒకాయన దొరికారు, నేను మాట వెతుక్కుంటుంటే కాఫీ తాగుతూ ఊరుకునేవారు. ఆ ఊరుకోవడమే నాకు భాష నేర్పింది.


ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ వంటింట్లో మొదలుపెట్టాను, ఉల్లిపాయలు తరుగుతూ. "యా ఒర్కర్ ఇంతె" మా ఆయనకి కూడా నేర్పించా, సాయంత్రం నుంచి ఇద్దరం అదే అంటున్నాం. ఇంకొక్క సందేహం. మా పై అంతస్తులో డెబ్భై దాటిన పెద్దావిడ ఉంటారు, లిఫ్టులో పలకరిస్తారు. ఆవిడని "దూ", అంటే నువ్వు, అనాలంటే నాకు గొంతు దాటి రావడం లేదు. మనసులో "మీరు" అని వస్తుంది, దానికి స్వీడిష్ మాట కోసం వెతుకుతూ ఆగిపోతున్నా.


జవాబు (ఉప్సలా)

ఇది నాకూ జరిగిందమ్మా. ఒకప్పుడు ఇక్కడా పదవి పేరుతో, ఇంటిపేరుతో పిలిచేవాళ్ళు, నేరుగా నువ్వు అనడం తప్పుగా ఉండేది. 1967లో ప్రభుత్వ వైద్య శాఖకి అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెద్ ఉద్యోగులందరినీ "దూ" అంటానని ప్రకటించారు, ఆ మార్పుకి ఆయన పేరే చెప్పుకుంటారు. మీ పై అంతస్తు ఆవిడ తన యవ్వనమంతా ఆ "దూ"తోనే గడిపి ఉంటారు. దాన్ని "నువ్వు" అని మనసులో అనువదించుకుంటేనే గొంతులో అడ్డుపడుతుంది. గౌరవం గొంతులో పెట్టండి, కళ్ళలోకి చూసి, ఆవిడకి లిఫ్టు తలుపు పట్టుకుని, "హుర్ మోర్ దూ?" అనండి. అంటే ఎలా ఉన్నారు అని.